కాకులు గుమిగూడితే హత్యేనా?

మీ ప్రశ్న – టీచరమ్మ జవాబు

పోయిన సంచికలో మాటవరసకు, ఇంగ్లిష్‌లో కాకుల గుంపును 'ఎ మర్డర్ ఆఫ్ క్రోస్' అంటారని ఒక వాక్యం రాశాను. అక్కడ అసలు ప్రశ్న కామాల గురించి. నేను కామాల మీద రెండు పేజీలు రాస్తే ఎవరూ పట్టించుకోలేదు, ఆ ఒక్క వాక్యం మాత్రం అందరికీ దొరికింది. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కాకులు, గుడ్లగూబలు, చేపల గురించే. సరే, ఈసారి కాలమ్ మొత్తం గుంపులకే. కామాల వాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

*మా అమ్మాయి ఏడో తరగతి. గైడులో 'కలెక్టివ్ నౌన్స్' అని డెబ్భై మాటలున్నాయి. పిల్లులకు క్లౌడర్, కోతులకు ష్రూడ్‌నెస్, చుంచెలుకలాంటి మోల్ అనే జంతువులకు లేబర్... రాత్రి పదయినా బట్టీ పడుతూనే ఉంది. దాన్ని చూస్తుంటే నాకు టెన్షన్. ఇంగ్లిష్ వాళ్ళు నిజంగా ఇలా మాట్లాడతారా మేడమ్? – ఒక తల్లి*

మాట్లాడరమ్మా. ముందు ఆ పిల్లను పడుకోమనండి, తర్వాత మిగతాది చదవండి.

నేనూ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంగ్లిష్ చెప్పాను. ఇలాంటి జాబితాలు బోర్డు మీద రాసి, మర్నాడు పాతిక మాటల స్లిప్ టెస్ట్ పెట్టిన దాన్నే. ఒకసారి వెనక బెంచీ పిల్లాడొకడు లేచి, "టీచర్, రెండు కాకులుంటే కూడా మర్డరేనా, లేక మూడో కాకి రావాలా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నేను కూర్చోమన్నాను. వాడి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు కాబట్టి కూర్చోమన్నాను. ఆ సాయంత్రం లైబ్రరీలో కూర్చుని ఈ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో వెతకడం మొదలుపెట్టాను. నాకు తెలిసిందంతా వాడి చలవే.

ఈ మాటల్లో చాలావాటికి మూలం 1486లో ఇంగ్లండ్‌లో సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్ళో అచ్చయిన ఒక పుస్తకం. 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' అంటారు. డేగలతో వేట, కుక్కలతో వేట, వంశ చిహ్నాలు: పెద్దింటి మగవాళ్ళు తెలుసుకుని తీరాలనుకున్న విషయాలే అందులో ఉన్నాయి. వేట పాఠాన్ని ఒక తల్లి పిల్లలకు చెబుతున్నట్టు పద్యాల్లో రాశారు. దాని చివర డేమ్ జూలియన్స్ బార్న్స్ అని ఒకావిడ పేరుంది. ఆ పుస్తకంలోనే ఏ జంతువుల గుంపును ఏమనాలో, ఏ మనుషుల గుంపును ఏమనాలో చెప్పే జాబితా ఒకటుంది. 160కి పైగా మాటలు. అంతకు ముందు చేతిరాత ప్రతుల్లోనూ ఇలాంటి జాబితాలు ఉండేవి గానీ, అచ్చులోకి ఎక్కి నిలబడింది ఇది.

అప్పట్లో వేటకు వెళ్ళినవాడు నక్కల గుంపును మామూలుగా గుంపు అన్నాడంటే, వీడు మన వర్గం వాడు కాదని పక్కవాళ్ళకు తెలిసిపోతుంది. 'స్కల్క్' అనాలి. స్కల్క్ అంటే నక్కి నక్కి తిరగడం. (నక్కలు నక్కుతాయని మనం వేరే చెప్పక్కర్లేదు, మన మాటలోనే ఉంది.) అంటే ఈ జాబితా ఊళ్ళో జనం మాట్లాడే భాషను రాసిపెట్టింది కాదు. పెద్దమనుషుల పరీక్షకు గైడు అన్నమాట. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ పుస్తకం అచ్చువేసిన ఆయన పేరు ఎవరికీ తెలియదు. సుమారు పదేళ్ళ తర్వాత మరో అచ్చుదారు ఆయన్ని తలుచుకుంటూ 'ఒకప్పటి సెయింట్ ఆల్బన్స్ బడిపంతులు' అన్నాడు. అంతే తెలుసు. పంతులే గైడు అచ్చేశాడు! మీ అమ్మాయి పడుతున్న బట్టీకి వయసు అయిదు వందల ఏళ్ళు దాటింది.

అందులో సగం సరదాకు రాసినవే అనడానికి మనుషుల గుంపుల పేర్లే సాక్ష్యం. చెప్పులు కుట్టేవాళ్ళను 'తాగుబోతుతనం' అన్నారు. లాయర్లను 'వాగ్ధాటి' అన్నారు, గారడీవాళ్ళను 'ఎప్పటికీ బాగుపడకపోవడం' అన్నారు. సన్యాసినులకైతే 'సూపర్‌ఫ్లూయిటీ', అంటే అక్కర్లేనంత మంది అని. ఆ డేమ్ జూలియన్స్ కూడా ఒక మఠానికి పెద్దమ్మ అని తర్వాతి వాళ్ళు ఒక కథ కట్టారు. దానికి ఆధారం లేదు. ఆ కథ నిజమే అయి ఉంటే ఆ మాట రాసేటప్పుడు ఆవిడ మొహం ఎలా ఉండేదో అని నాకు చాలాసార్లు అనిపించింది. మాస్టర్ల గుంపు 'ఎగ్జాంపుల్', మగపిల్లల గుంపు 'రాస్కల్'. ఇది చదివాక ఆ వెనక బెంచీ వాడు గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

కాకుల 'మర్డర్' కూడా ఆ 15వ శతాబ్దపు జాబితాల్లోదే. రేవెన్ అనే పెద్ద కాకులకు 'అన్‌కైండ్‌నెస్' అని పెట్టారు, దయ లేకపోవడం. ఆ పక్షుల మీద అప్పటి జనానికున్న భయమూ చిరాకూ అలా మాటయి కూర్చుంది. అసలు కాకులు చచ్చిన కాకి చుట్టూ మూగి గోల చేస్తాయి కదా, అది హత్యా కాదు, పంచాయతీ కాదు. ఇక్కడ ఏది ప్రమాదమో తెలుసుకుని గుర్తుపెట్టుకోవడానికి అలా మూగుతాయని పరిశోధకులు చెబుతున్నారు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు కిటికీలోంచి కాకుల్ని చూసి 'లుక్, ఎ ఫ్లాక్ ఆఫ్ క్రోస్' అనే అంటారు. మర్డర్ అన్నారంటే చమత్కారానికి అన్నట్టే.

రెండు కాకులుంటే ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

*'ఎ స్కూల్ ఆఫ్ ఫిష్' అంటే చేపలు బారులు తీరి బడికి వెళ్ళే పిల్లల్లా ఉంటాయి కాబట్టి అంటారని మా లెక్చరర్ చెప్పారు. నిజమేనా టీచర్? – ఇంటర్ విద్యార్థి*

బాబూ, మీ లెక్చరర్ గారిని నేను ఏమీ అనలేను. నేను చేసిన పని దానికంటే ఘోరం.

డిగ్రీ చదివే రోజుల్లో ఒక పిల్లల పత్రికకు ఇంగ్లిష్ సముద్రం కథ ఒకటి తెలుగు చేసి ఇచ్చాను. అందులో 'ఎ స్కూల్ ఆఫ్ ఫిష్' అని ఉంటే, కలం ఆపకుండా 'చేపల బడి దక్షిణం వైపు కదిలింది' అని రాసేశాను. పత్రికలో ఎవరూ అనుమానపడలేదు. పైగా బొమ్మలు వేసే ఆయన ఆ వాక్యం చూసి ముచ్చటపడి, కళ్ళజోడు పెట్టుకున్న పెద్ద చేప ఒకటి, పలకలు పట్టుకున్న చిన్న చేపలు ఆరు వేశారు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. నెల తిరక్కుండా ఒక పాఠకుడి నుంచి పోస్టుకార్డు వచ్చింది: 'అయ్యా, ఆ బడిలో మధ్యలో చేర్చుకుంటారా? మా వాడికి ఈత వచ్చు.' ఆ కార్డు నా దగ్గర చాలాకాలం ఉండేది.

అసలు సంగతి ఇది. ఈ స్కూలు వేరు, ఆ స్కూలు వేరు. చదువుకునే స్కూలు గ్రీకులో పుట్టి లాటిన్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. చేపల స్కూలు డచ్ భాషలోది. ఆ భాషలో దానికి అర్థమే గుంపు, దండు. ఉత్తర సముద్రంలో వలలు వేసేవాళ్ళ నోటి నుంచి నోటికి వచ్చిన మాట. చేపల గుంపుకు 'షోల్' అని ఇంకో మాట ఉంది చూడండి, అదీ దీనికి తోబుట్టువే. ఇప్పుడు చేపల శాస్త్రం చదివేవాళ్ళు రెండిటికీ తేడా పెట్టుకున్నారు. ఊరికే ఒకచోట చేరి ఉంటే షోల్. అన్నీ ఒకే దిక్కుకు, ఒకే వేగంతో ఈదుతుంటే స్కూల్. బారులు తీరడం వరకు మీ లెక్చరర్ గారు చెప్పింది తప్పు కాదు, బడి ఒక్కటే అక్కడ లేదు.

*గుడ్లగూబల గుంపును 'పార్లమెంట్' అంటారని క్విజ్‌లో చెప్పాను, బహుమతి కూడా వచ్చింది. ఇదీ ఆ 1486 నాటిదేనా?*

కాదు. ఆ పాత జాబితాల్లో గుడ్లగూబల పార్లమెంట్ లేదు. దీన్ని జనంలోకి తెచ్చింది 1953లో వచ్చిన సి.ఎస్. లూయిస్ పిల్లల నవల 'ది సిల్వర్ చెయిర్'. అందులో ఒక అధ్యాయం పేరే 'ఎ పార్లమెంట్ ఆఫ్ ఔల్స్'. 14వ శతాబ్దపు కవి ఛాసర్ పక్షులన్నిటినీ సభ తీర్చి కూర్చోబెట్టి 'పార్లమెంట్ ఆఫ్ ఫౌల్స్' అనే కావ్యం రాశాడు, లూయిస్ పెట్టిన పేరు దాని మీద చమత్కారం. గుడ్లగూబలు చాలామటుకు ఒంటరిగానో జంటగానో బతికేవి. సభ తీరేంత కోరం వాటికి దొరకదు. బహుమతి మాత్రం మీరే ఉంచుకోండి.

*బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను. మా మనవడు జిరాఫీలకు 'టవర్' అంటాడు, జీబ్రాలకు 'డాజిల్', ఖడ్గమృగాలకు 'క్రాష్'. వీటిని ఎవరు ఆమోదిస్తారండీ? ఏదో కమిటీ ఉంటుంది కదా?*

లేదండీ. ఇంగ్లిష్ భాషకు అలా ముద్ర వేసే ఆఫీసు ఎక్కడా లేదు. ఎవరో ఒకరు పుట్టిస్తారు, నచ్చితే పదిమంది అంటారు, నిఘంటువుల వాళ్ళు కొన్నాళ్ళు చూసి రాసుకుంటారు. మీరు చెప్పిన మూడూ కొత్తవే. 1486 నాటి ఇంగ్లండ్ వేటగాడికి జీబ్రా అంటే ఏమిటో కూడా తెలియదు. 1968లో జేమ్స్ లిప్టన్ అనే అమెరికన్ ఈ పాత జాబితాల మీద 'యాన్ ఎగ్జాల్టేషన్ ఆఫ్ లార్క్స్' అని పుస్తకం రాశాడు. పాతవి పోగుచేసి, సొంతంగా కొన్ని కల్పించి కలిపాడు. అక్కడి నుంచి ఇది ఒక ఆటయిపోయింది. మీరూ ఆడొచ్చు.

ఒక్క జాగ్రత్త. బబూన్ కోతుల గుంపును 'కాంగ్రెస్' అంటారని ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. అది అమెరికా చట్టసభ మీద ఎవరో వేసిన జోకు. బబూన్‌లను పరిశీలించేవాళ్ళు 'ట్రూప్' అంటారు.

ముద్ర వేసేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఫెరెట్ల కథ. ముంగిసలా పొడుగ్గా ఉండి, కుందేళ్ళ బొరియల్లోకి దూరే జంతువు ఫెరెట్. ఒక్క క్షణం కుదురుగా ఉండదు కాబట్టి పాత జాబితాలో దాని గుంపుకు 'బిజీనెస్' అని పెట్టారు, అప్పటి స్పెల్లింగులో 'బెసినెస్'. తర్వాత ఎవరో ఎత్తిరాస్తూ మొదటి అక్షరం 'ఎఫ్' అనుకున్నారు. అది 'ఫెసినెస్' అయింది. మరొకరి చేతిలో 'ఫెస్నింగ్' అయి కూర్చుంది. అర్థం లేదు, ఏ భాషలోనూ లేదు, ఏ ఫెరెట్ యజమానీ ఎన్నడూ అనలేదు. అయినా పెద్ద పెద్ద జాబితాల్లోకి ఎక్కింది. పరీక్ష పేపర్లో కాపీ కొట్టేవాళ్ళను నేను పట్టుకునేది కూడా ఇలాగే: పక్కవాడి తప్పు కూడా అచ్చంగా దిగుతుంది.

ఎలుగుబంట్ల 'స్లూత్' కూడా అలాంటి గందరగోళమే. అదేదో డిటెక్టివ్ మాట అనుకుంటారు. కాదు, 'స్లాత్', అంటే మందకొడితనం. స్పెల్లింగు దారి తప్పింది.

*మరి ఏవి నేర్చుకోవాలి? అన్నీ వేస్ట్ అని కొట్టిపారేస్తారా? – బి.ఇడి. చదువుతున్న అమ్మాయి*

కొట్టిపారెయ్యను. నిజంగా వాడే మాటలు పదో పన్నెండో ఉంటాయి. ఒక్కొక్కదాని వెనక ఆ జంతువు బతికే తీరు ఉంటుంది. రేపు క్లాసులో ఆ తీరు చెప్పండి, మాట దానంతటదే గుర్తుంటుంది.

'లిట్టర్' తీసుకోండి. కుక్కపిల్లలు, పిల్లికూనలు, పందిపిల్లల లాంటివి ఒకే కాన్పులో పుడితే లిట్టర్. పాత ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం పడక. తల్లి పడుకోవడానికి పరిచిన గడ్డి, ఆ గడ్డి మీద పుట్టిన పిల్లలు, అలా సాగింది. చెత్తకు లిట్టర్ అనడం కూడా ఆ చెదిరిన గడ్డి నుంచే. గుడ్లు పొదిగి లేపిన పిల్లలైతే 'బ్రూడ్'. కోడిపిల్లలకు లిట్టర్ అని రాస్తే నేను మార్కు తీసేసేదాన్ని, ఇప్పుడూ తీసేస్తాను. 'డ్రోవ్' అంటే తోలుకుపోతున్న పశువుల గుంపు, 'డ్రైవ్' నుంచి వచ్చింది. వెనక తోలేవాడు లేకపోతే ఆ పశువులే 'హెర్డ్'. తోడేళ్ళు, వేటకుక్కలు 'ప్యాక్'. తేనెటీగలు గూడు వదిలి లేస్తే 'స్వార్మ్'. తిమింగలాలు, డాల్ఫిన్లు 'పాడ్'.

సింహాల 'ప్రైడ్' కథ వేరు. ఇది ఆ 1486 జాబితాలో ఉంది. సింహం అంటే గర్వం అనుకుని పెట్టారు, అంతే. తర్వాత చాలాకాలం ఎవరూ వాడకుండా మూలపడింది. 20వ శతాబ్దంలో మళ్ళీ లేచింది. సింహాల జీవితాన్ని దగ్గర నుంచి చూసేవాళ్ళకు ఆ మాట పనికొచ్చింది, ఎందుకంటే పిల్లి జాతిలో సింహాలే ఇలా పెద్ద కుటుంబంగా ఉంటాయి. అక్కాచెల్లెళ్ళు, తల్లీకూతుళ్ళు అయిన ఆడసింహాలు, వాటి పిల్లలు, బయటి నుంచి వచ్చి చేరిన ఒకటో రెండో మూడో మగసింహాలు. మంద అంటే సరిపోదు, ప్యాక్ అన్నా కుదరదు. పులులకు 'ఆంబుష్' అని గైడులో ఉంటుంది చూశారా, దాన్ని వాడే సందర్భమే రాదు. తల్లీపిల్లలు తప్ప పులులు కలిసి తిరగవు.

నా మనసు దోచినది 'మర్మరేషన్'. స్టార్లింగ్ అనే పక్షులు, మన గోరువంకకు చుట్టాలు. చలికాలం సాయంత్రాలు గూటికి చేరే ముందు వేల సంఖ్యలో ఆకాశంలోకి లేచి, పొగ మెలికలు తిరిగినట్టు తిరుగుతాయి. వేల రెక్కల చప్పుడు గుసగుసలా వినిపిస్తుంది, మర్మరేషన్ అంటే అదే. ఇదీ పాత జాబితాలోదే, కానీ చావలేదు, ఇవాళ వార్తల్లో కూడా వాడతారు. ఇంత గుంపు గుద్దుకోకుండా ఎలా తిరుగుతుందో రోమ్‌లో ఇటలీ పరిశోధకులు కెమెరాలు పెట్టి చూశారు. ఒక్కో పక్షి తనకు దగ్గరగా ఉన్న ఆరేడు పక్షులను మాత్రమే గమనిస్తుందట. అవి తిరిగితే తిరుగుతుంది. మొత్తానికి నాయకుడంటూ ఎవరూ లేరు. 2008లో ఈ ఫలితం వచ్చింది. ఆ బృందంలో ఉన్న జోర్జియో పారిసీకి 2021లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, అది ముఖ్యంగా వేరే పనులకు అనుకోండి. ఈ ముక్క చెప్పి మర్మరేషన్ అని బోర్డు మీద రాస్తే ఏ పిల్లా మర్చిపోదు.

బాతుజాతి 'గూస్' పక్షులకు రెండు మాటలున్నాయి. నేల మీద ఉంటే 'గ్యాగుల్', వాటి అరుపు అది. ఎగురుతుంటే 'స్కెయిన్', అంటే నూలు చిలప. ఆకాశంలో సాగే ఆ వంకర గీతను చూసి పెట్టినవాడెవడో నూలుతో పరిచయం ఉన్నవాడు.

*తెలుగులో ఇలాంటివి లేవా అమ్మా? మనకు అన్నిటికీ 'గుంపు' ఒకటేనా?*

లేకేమండీ. గొర్రెలకు, ఆవులకు మంద అంటాం, చేపల మంద అనం. కోతులకూ మిడతలకూ దండు. దండంటే సైన్యం, చేనులోకి దిగి ఊడ్చేసి పోతాయి కాబట్టి ఆ మాట. 'మర్డర్' పెట్టినవాడి బుద్ధీ మన బుద్ధీ ఒకటే, నష్టం చేసేదానికి తిట్టులాంటి పేరు. చీమలదీ కొంగలదీ బారు. కుక్కలు కరవడానికి వచ్చేలా ఉంటే మూక, లేకపోతే గుంపే. కాడెద్దులంటే రెండే, ఇంగ్లిష్ 'యోక్ ఆఫ్ ఆక్సెన్' కూడా రెండే. తేడా ఎక్కడంటే, మనది చాలావరకు ఆకారాన్ని, ప్రవర్తనను బట్టి. ఒకే మాట నాలుగు జంతువులకు సరిపోతుంది. జంతువుకొక మాట చొప్పున కూర్చి పరీక్ష పెట్టే పెద్దమనుషులు మనకు తగల్లేదు.

*'ఎ హెర్డ్ ఆఫ్ ఎలిఫెంట్స్' తర్వాత 'ఈజ్' రాయాలా 'ఆర్' రాయాలా? మా ఇద్దరు టీచర్లు చెరొకటి చెప్పారు.*

పరీక్షలో 'ఈజ్' రాయండి, మంద ఒకటే కాబట్టి. బ్రిటన్‌లో మందలోని ఒక్కొక్కదాన్ని మనసులో పెట్టుకుని 'ఆర్' అనేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి రెండో టీచరుతో గొడవ పెట్టుకోకండి. 'ఎ నంబర్ ఆఫ్ బర్డ్స్' వస్తే మాత్రం 'ఆర్', 'ది నంబర్ ఆఫ్ బర్డ్స్' వస్తే 'ఈజ్'. ఇక్కడ వాదన లేదు.

*'ఎ క్యాటిల్' అనొచ్చా?*

అనకూడదు. క్యాటిల్ ఎప్పుడూ బహువచనమే, 'క్యాటిల్ ఆర్ గ్రేజింగ్'. లెక్క చెప్పాలంటే 'ట్వంటీ హెడ్ ఆఫ్ క్యాటిల్' అంటారు. మనం తలసరి అంటామే, అలా తలలు లెక్కపెట్టడమే. ఇరవై తలలున్నా 'హెడ్స్' అని ఎస్ పెట్టకండి.